అరువిచ్చిన వేలు

ఆ ఇంటి తలుపు పొద్దున్నే కొట్టేవాళ్ళు పాలకోసమో పంచదారకోసమో రారు. వేలు కోసం వస్తారు.

"పెద్దమ్మగారూ, వేలు ఖాళీగా ఉందా?"

"పోస్టాయన పట్టుకెళ్ళాడు. పదింటికల్లా తెచ్చిస్తానన్నాడు. కూర్చో, ఈలోగా టీ తాగు."

అమ్మమ్మ కుడిచేతి చూపుడువేలు అది. అడుగు కణుపు దగ్గర పట్టుకుని మెల్లగా తిప్పితే సీసా మూతలా ఊడి వచ్చేది. దాన్ని చేతిరుమాల్లో చుట్టి ఇచ్చేది. తీసుకెళ్ళిన వాళ్ళు ఏ వరుస ముందు పెడితే ఆ వరుస వెంట నడిచేది. ఒక్కొక్కదాన్నే ముట్టుకుంటూ, ఒక్కటీ వదలకుండా. ఎక్కడ ఆపితే అక్కడ ఆగేది. మూడేళ్ళ తర్వాత మళ్ళీ తెచ్చిపెట్టినా సరిగ్గా ఆగినచోటు నుంచే బయల్దేరేది. పోస్టాయన ఉత్తరాల కట్ట, పంతులమ్మ హాజరుపట్టీ, మందుల షాపువాడి అలమరా అన్నీ ఆ వేలి మీదే నడిచేవి. వేలికి జ్వరమొచ్చిన ఒక రోజు ఆ ఊళ్ళో ఏ ఉత్తరం ఎవరింటికి వెళ్ళిందో ఇప్పటికీ తేలలేదు. రెండు పెళ్ళిళ్ళు తారుమారయ్యాయంటారు. తగ్గించే చెబుతున్నాను, నిజానికి మూడు.

వేలు ముందుకే నడుస్తుంది. ఒకసారి ముట్టుకున్నదాన్ని చచ్చినా మళ్ళీ ముట్టుకోదు.

అమ్మమ్మకు రెండే నియమాలు. ఒకేసారి ఇద్దరికి ఇవ్వదు. తన వేలే అయినా సరే, అది బయట ఉన్నంతసేపు మధ్యవేలితో చెవి గోక్కుంటుంది తప్ప మధ్యలో పిలిపించుకోదు. రెండోది, "ఇచ్చేశాను" అనదు. "వాడుకుని పట్రా" అంటుంది. ఎందుకంటే ఒక్కసారి నోరు జారింది. వాళ్ళక్క దూరదేశం పోతూ ఏడుస్తుంటే మనసు కరిగి ఎడమచేతి చిటికెన వేలు చేతిలో పెట్టి "ఉంచేసుకో" అంది. అంతే, అది మళ్ళీ రాలేదు. అక్కగారు ఉన్ని ఉండలు విప్పడానికి దాన్ని వాడీ వాడీ గోరు కూడా మిగల్చలేదట.

"ఇచ్చేస్తే పోతుంది, అరువిస్తే వస్తుంది" అని మనవరాలికి నడక రాకముందే నేర్పింది.

మనవరాల్ని అందరూ తూనీగ అంటారు. కీబోర్డు మీద దాని వేళ్ళు అలా తిరుగుతాయి. అది ప్రోగ్రాములు రాస్తుంది. దాని ఆఫీసులో అందరూ భయపడి చచ్చే భాష ఒకటుంది. అందులో కంపైలర్ అనేది రాసిన ప్రతి ముక్కనీ చదివి, మనిషిలాగే తిడుతుంది. ఈ వస్తువు ఎవరిది, ఎవరికి అరువిచ్చావు, వాళ్ళు తిరిగివ్వకుండా ఇంకొకరికి ఎలా ఇచ్చావు అని నిలదీస్తుంది. తలపండిన ఇంజనీర్లు దాని ముందు కన్నీళ్ళు పెట్టుకున్నారు. తూనీగ మాత్రం చేరిన మొదటిరోజే అందులో ఈదేసింది.

"ఇది మా అమ్మమ్మ భాషే" అంది వాళ్ళతో.

ఇంటికొచ్చి చెప్పింది. "అమ్మమ్మా, అందులో కూడా నీ వేలు ఉంది. ఇటరేటర్ అంటారు. వరుసలో ఒక్కొక్కదాన్నే అందిస్తూ ముందుకే పోతుంది. ఎవరికైనా ఇచ్చేశామా, వాళ్ళే దాన్ని అరగదీసేస్తారు, మనకు మళ్ళీ దక్కదు. అరువిస్తే, వాళ్ళకు కావలసినంత నడిపించుకుని తిరిగిస్తారు. మిగతా వరుస మనం నడవొచ్చు."

"రెండూ నా నియమాలే. కాపీ కొట్టారు" అంది అమ్మమ్మ.

"మూడోది కూడా ఉంది. వస్తువు అరువులో ఉన్నంతకాలం దాని సొంతదారు ఉండి తీరాలి. అరువు తీరకుండా వెళ్ళిపోతానంటే కంపైలర్ ఒప్పుకోదు."

"సొంతదారు ఎక్కడికి వెళ్తాడు?"

"ఎక్కడికైనా."

"గట్టిదే మీ కంపైలరు" అని నవ్వి ఊరుకుంది అమ్మమ్మ.

ఇక తూనీగ తల్లి. ఆవిడ లాండ్రీలో పంతొమ్మిదేళ్ళుగా ఆఖరి బల్ల దగ్గర నిలబడి మనిషి మనిషికీ బట్టలు వేరుచేసి సంచి కడుతుంది. కాలరు వాసన చూసి ఎవరి చొక్కానో చెప్పగలదు. ఆ చొక్కాలో మనిషి ఇంట్లో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పగలదు. అంత పెద్ద లాండ్రీ ఇంకెక్కడా లేదు. ఆవిరి పట్టే గదిలో ఉదయం పూట మేఘాలు కట్టి, మధ్యాహ్నానికి ఓ మోస్తరు వాన పడేది. యజమానిని మడతల పెద్దాయన అనేవారు. ఆయన ప్యాంటు మడతతో కూరగాయలు తరగొచ్చు.

ఆ పెద్దాయన ఈమధ్య కొత్త యంత్రం పెట్టించాడు. ఇస్త్రీ అయిన బట్టలన్నీ కొక్కేలకు వేలాడుతూ పొడవాటి కమ్మీ మీద ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒక్కో బట్టకూ నెంబరు చీటీ. కమ్మీ పక్కన ఒక కన్నూ ఒక చెయ్యీ ఉంటాయి. కన్ను చీటీ చూస్తుంది. అదే నెంబరు వస్తున్నంతసేపు చెయ్యి ఆ బట్టల్ని ఒకే సంచిలోకి తోస్తుంది. నెంబరు మారగానే సంచి మూతి మూసుకుని తర్వాతి సంచి నోరు తెరుస్తుంది. తల్లి సంచి కట్టి చీటీ అంటిస్తుంది. ఆ కన్నుకీ చేతికీ బుద్ధి చెప్పే ప్రోగ్రాము తూనీగే రాసింది. ఒంటిచేత్తో రాసిన మొదటి పని. తల్లి ఆ వారం వీధిలో ఎదురైన ప్రతివాళ్ళకూ చెప్పింది. మనుషులు అయిపోయాక దీపస్తంభాలకు చెప్పింది.

"మా తూనీగే రాసింది. ఒక్కటే వరుస, ఒక్కటే వేలు. సంచి సంచికీ అరువిస్తుంది, తిరిగి పుచ్చుకుంటుంది. మా అమ్మ దగ్గర నేర్చుకుంది."

మూడోరోజు నుంచి జనం రావడం మొదలుపెట్టారు. ఒకరికి చొక్కా తక్కువ. ఒకరికి గౌను తక్కువ. పెద్దాయన పెళ్ళికోటే కనపడలేదు. ఎవరి సంచిలో చూసినా ఒక్కటంటే ఒక్కటి తక్కువ. ఎనిమిదో రోజుకి ఫిర్యాదు చేసేవాళ్ళ వరుస వీధి చివర దాటి, పక్క వీధి చుట్టి మళ్ళీ లాండ్రీ వెనక గోడ దాకా వచ్చింది.

పెద్దాయన ఆఖరి బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"పంతొమ్మిదేళ్ళు నిన్ను ఒక్క మాట అనలేదమ్మా. కానీ యంత్రం దొంగతనం చెయ్యదు కదా. సంచి మూతి కట్టే చెయ్యి నీదొక్కదానిదే."

తల్లి ఏమీ అనలేదు. యంత్రాన్ని అంటే బిడ్డను అన్నట్టే.

"కత్తెర ఇలా ఇవ్వు. శనివారం సాయంత్రంలోగా బట్టలు తెచ్చావా, సరే. లేదంటే మళ్ళీ రానక్కర్లేదు."

దారం కత్తిరించే ఆ కత్తెర పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ నడుముకే వేలాడేది. అది లేకుండా ఇంటికి నడిచొస్తుంటే ఒక పక్కకి ఒరిగిపోయినట్టుందని చూసినవాళ్ళు చెప్పారు.

అమ్మమ్మకు ఇది మహా ఇబ్బంది అయింది. ఎందుకంటే ఆవిడ ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక వెళ్ళిపోదామనుకుంది. వెళ్ళిపోవడమంటే ఊరికి కాదు. వయసు తొంభై ఏడో నూట నాలుగో, డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విని, "ఆదివారమైతే బావుంటుంది, సోమవారం దాటదు" అన్నాడు. ఆవిడ చిన్న సంచి కూడా సర్దుకుంది. వెళ్ళేముందు వేలు మనవరాలికి శాశ్వతంగా ఇచ్చేయాలని కూడా నిశ్చయించుకుంది.

"ఇలా అయితే ఎలాగే?" అని విసుక్కుంది. "దొంగని కన్నదన్న పేరుతో నేను ఎక్కడికీ పోను. ఆదివారంలోగా తేల్చండి."

తూనీగ రెండు రోజులు తిండి మానేసి ప్రోగ్రాము చదివింది. ముందు నుంచి చదివింది, వెనక నుంచి చదివింది. కంపైలర్ ఒక్క మాట కూడా తిట్టలేదు. ఎనిమిదో రోజు లెక్క మాత్రం మింగుడు పడలేదు. కమ్మీ ఎక్కిన బట్టలు మూడువందల పన్నెండు. కట్టిన సంచులు నలభై రెండు. పోయిన బట్టలు నలభై ఒకటి.

"మనిషికొకటి పోతే నలభై రెండు పోవాలి కదమ్మా. ఒక్కళ్ళని ఎందుకు వదిలేసినట్టు?"

"పొద్దున మొదటి సంచి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది" అంది తల్లి గోడవైపు చూస్తూ.

సరిగ్గా అప్పుడు గుండీలత్త గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఆవిడ పక్కింటి దర్జీ. అమ్మమ్మతో ఇరవై ఏళ్ళుగా ఒకే గొడవ పడుతోంది.

"ఇదిగో పెద్దమ్మగారూ మీ వేలు. ఇవాళ కూడా ఒక నీలం గుండీ మింగింది."

"నా వేలు గుండీలు తినదే. నీకే చేతులు వదులు."

"ఎర్రవి అయ్యేదాకా నడవమన్నాను. నడిచింది. సరే నీలంవి మొదలుపెడదామని చూస్తే, మొదటి నీలం గుండీని దాటేసి రెండోదాని ముందు బుద్ధిమంతురాల్లా నిలబడింది. దాటిందాన్ని కణుపుతో తోసి కింద పడేసింది కూడా. వెనక్కి రావే అంటే వస్తుందా. నా మిషను కింద గుండీలతో ఇల్లు కట్టొచ్చు."

తూనీగ తల ఎత్తింది. "అత్తా, మళ్ళీ చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పమంటావే, ఇరవై ఏళ్ళుగా చెబుతున్నా."

"ఎర్రవి అయిపోయాయని దానికెలా తెలిసింది?"

"నీలందాన్ని ముట్టుకుంటే తెలిసింది."

"ముట్టుకుంటే దాటేసినట్టే" అంది తూనీగ మెల్లగా. తర్వాత ఇంకా మెల్లగా, "దాటేసిందాన్ని మళ్ళీ ముట్టుకోదు" అంది.

గోడ గడియారం కూడా ఒక టిక్కు మానేసి విందంటే నమ్మాలి.

"నేనూ అలాగే రాశాను అమ్మమ్మా. నెంబరు మారిందని తెలియాలంటే కన్ను తర్వాతివాళ్ళ మొదటి బట్టని తీసుకోవాలి. అది పాత సంచిది కాదు కాబట్టి అందులో వెయ్యదు. కొత్త సంచి తెరుచుకునే వేళకి అది దాటిపోయి ఉంటుంది కాబట్టి ఇందులోనూ వెయ్యదు. మొదటి సంచికి ముందు ఎవరూ లేరు, అందుకే అది నిండుగా ఉంటోంది."

"మీ కంపైలరు చెప్పలేదా?"

"అరువిచ్చింది సరిగ్గానే ఇచ్చాను, పుచ్చుకుంది సరిగ్గానే పుచ్చుకున్నాను. మధ్యలో ఏది జారవిడిచానో అది అడగదు." తూనీగ లేచి వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది. "మరి నువ్వు వాడుకునేప్పుడు ఒక్కటీ పోదు కదా. ఎలా?"

"నేను ముట్టుకోనిస్తానా ఏం? గోరు పైకెత్తి ఉంచి ముందు తొంగి చూస్తా. మనదైతే ముట్టుకుంటుంది. కాకపోతే వేలిని అక్కడే ఆపి ఇవ్వాల్సినవాళ్ళకు ఇస్తా. ఎదుటివాళ్ళది ఎదుటివాళ్ళకే ఉంటుంది."

గుండీలత్త నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి ఈ ముక్క చెప్పలేదే?"

"నువ్వు వేలు అడిగావు. కన్ను అడగలేదు."

తూనీగ తల్లి దగ్గరికి వెళ్ళింది. "అమ్మా, తప్పు నాదే."

"నాకు మూడోరోజే అనుమానం వచ్చింది" అంది తల్లి.

"మరి ఆయనతో చెప్పలేదే? నిన్ను దొంగ అంటుంటే ఊరుకున్నావా?"

"వీధి వీధంతా మా అమ్మాయి రాసిందని చెప్పుకున్నదాన్ని. తప్పు రాసిందని ఏ నోటితో చెప్పను?"

తూనీగ కళ్ళు తుడుచుకుంది, వెంటనే కూర్చుని రెండంటే రెండు వరుసలు మార్చింది. ముట్టుకోకముందు తొంగి చూడమంది, అంతే.

శనివారం మధ్యాహ్నం ముగ్గురూ లాండ్రీకి వెళ్ళారు. అమ్మమ్మ పదకొండేళ్ళ తర్వాత వీధిలో అడుగుపెట్టింది కాబట్టి ట్రాఫిక్ తనంతట తనే ఆగింది. తూనీగ కంప్యూటరు తెరిచి పెద్దాయనకు తన తప్పేమిటో, దిద్దిందేమిటో దాచకుండా చెప్పింది. పెద్దాయన తలకిందులుగా చూసినా ఆయనకు ఒక్క అక్షరం అర్థం కాలేదు.

"తెరమీద ఏదైనా చూపిస్తావమ్మా, నువ్వు ఆవిడ కూతురివి. పోయిన బట్టలేవి? అవి చూపించు."

అమ్మమ్మ వేలు ఊడదీసింది. రుమాలు లేకుండానే కూతురి చేతిలో పెట్టింది.

"వాడుకుని పట్రా."

తల్లి ఆ వేలిని కమ్మీ మీద పెట్టింది. తొంగి చూడమనలేదు. యంత్రం ఎనిమిది రోజులు ఎలా చేసిందో అలాగే, "ఈ నెంబరు అయ్యేదాకా నడువు" అంది. వేలు నడిచింది. చొక్కా, చొక్కా, దుప్పటి, చొక్కా. తర్వాత వేరే నెంబరున్న ఒక గళ్ళ కోటుని ముట్టుకుని, వాళ్ళ పని అయిపోయిందని ఆగింది. కోటు మాత్రం ఆగలేదు. ఏ సంచీ పిలవలేదు కాబట్టి కమ్మీ వెంట మెల్లగా జారిపోయి, గోడకున్న రబ్బరు తెరలు తోసుకుని అవతలికి పోయింది.

అందరూ దాని వెనకే పరిగెత్తారు. పెద్దాయన ప్యాంటు మడత మొదటిసారి నలిగింది.

గోడ వెనక ఒక గోనెసంచి ఉంది. చిరిగినవీ చీటీ ఊడినవీ అందులో పడితే, ఎదుటి వృద్ధాశ్రమంలో బండి తోసే ఆవిడ రోజూ సాయంత్రం వచ్చి మూట ఎత్తుకుపోవడం ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటు. నెలకు నాలుగు గుడ్డపీలికలు పడేవి కాబట్టి ఎవరూ అటు తొంగి చూసేవారు కాదు. అప్పటికే ఆ బండి ఆవిడ వచ్చి నిలబడి ఉంది.

"ఇవాళ ఒక్క కోటేనా?" అంది సంచి ఊపి చూసి. "ఎనిమిది రోజులుగా నడుం విరిగేలా పెడుతున్నారు, అలవాటు పడిపోయాం."

పెద్దాయన రోడ్డుకి అవతల చూశాడు. వృద్ధాశ్రమం అరుగు మీద అరవైమంది ముసలివాళ్ళు ఊరేగింపుకి సిద్ధమైనట్టు కూర్చున్నారు. పట్టు గౌన్లు, గంజి పెట్టిన కాలర్లు, జేబుల్లో రుమాళ్ళు. పూటకో జత మారుస్తున్నారట. ఇద్దరు ముసలివాళ్ళు ఆ వారంలో ప్రేమలో కూడా పడ్డారు. మధ్యలో పళ్ళు లేని ఒకాయన పెద్దాయన పెళ్ళికోటు వేసుకుని కాలు మీద కాలేసుకున్నాడు.

"బాబూ," అన్నాడాయన చెయ్యి ఊపి, "నీకు బుద్ధొచ్చిందనుకున్నాం."

ఆ సాయంత్రమే బట్టలన్నీ లెక్కకు తిరిగొచ్చాయి, ఆ పెళ్ళికోటు తప్ప. దాన్ని అడగడానికి పెద్దాయనకు నోరు రాలేదు.

లోపలికొచ్చి బీరువా తీసి కత్తెర బయటికి తీశాడు. రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు.

"తప్పు నాదమ్మా. యంత్రం తప్పు చెయ్యదనుకున్నాను."

తల్లి కత్తెర నడుముకి కట్టుకుంది. నిటారుగా అయింది. ఆ నిలబడటంలో ఒక అంగుళం పొడుగు పెరిగింది, తర్వాత కొలిస్తే తేలింది.

"చేస్తుంది సార్. చేసినప్పుడు నేనే చేశానని పదిమందిలో చెప్పే పిల్లని కన్నాను నేను. అది వీధిలో చెప్పుకోవడానికి ఇంకా బావుంటుంది."

అమ్మమ్మ ముక్కు ఎగబీల్చి, చెయ్యి చాచింది. "ఊఁ, ఇంక నా వేలు ఇటు పట్రండి. రేపు ఆదివారం. దాన్ని ఈ పిల్లకి ఇచ్చేసి నా దారిన నేను పోతా."

వేలు కమ్మీ మీదే ఉంది. దిద్దిన ప్రోగ్రాముతో యంత్రం మళ్ళీ నడుస్తోంది. వేలేమో యంత్రపు కన్ను పక్కనే కూర్చుని, గోరు పైకెత్తి వచ్చే ప్రతి బట్టనీ తొంగి చూస్తోంది. దానికి అదేదో చాలా ఇష్టంగా ఉన్నట్టుంది.

తూనీగ తల్లివైపు చూసింది. తల్లి తూనీగవైపు చూసింది.

"నాకు ఇచ్చెయ్యకు అమ్మమ్మా. ఇచ్చేస్తే పోతుందని నువ్వే కదా చెప్పావు. అరువులోనే ఉండనీ. ఈ వరుస అయ్యాక తెచ్చిస్తాం."

"ఈ వరుస ఎప్పుడవుతుంది?"

"ఒకవైపు నుంచి కడుగుతుంటారు, ఇంకోవైపు నుంచి మాపుకొస్తుంటారు" అంది తల్లి, కొత్త సంచి మూతి బిగిస్తూ. "ఊళ్ళో జనం బట్టలు కట్టుకున్నంతకాలం."

అమ్మమ్మ కనుబొమలు దగ్గరికి వచ్చాయి. మనవరాలు చెప్పిన మూడో నియమం ఆవిడకు గుర్తుకొచ్చింది. తర్వాత ఆవిడ నవ్విన నవ్వుకి ఆవిరిగదిలో కట్టిన మేఘాలన్నీ విడిపోయాయి.

"దొంగని కనలేదనుకున్నాను. ఇద్దరిని పెంచాను."

ఆదివారం భోజనం అయ్యాక అమ్మమ్మ చిన్న సంచి ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంది. రెండయింది. మూడయింది. డాక్టరు రెండుసార్లు వచ్చి తొంగి చూసి వెళ్ళాడు. నాలుగింటికి ఆవిడ సంచి పక్కన పెట్టి టీ అడిగింది, చక్కెర తగ్గించి పోశారని పోట్లాడింది.

ఇప్పుడు ఆవిడకు తక్కువలో తక్కువ నూట ఇరవై ఆరు. డాక్టరు పోయాడు, ఆ డాక్టరు కొడుకు డాక్టరై రిటైరయ్యాడు. గుండీలత్త ముందు తొంగి చూడటం నేర్చుకుని సొంతవేలితోనే పని కానిచ్చుకుంటోంది. రోజూ సాయంత్రం కూతురు లాండ్రీ నుంచి కత్తెర ఊపుకుంటూ గుమ్మం ఎక్కుతుంది. అమ్మమ్మ మధ్యవేలితో చెవి గోక్కుంటూ అడుగుతుంది.

"అయిందా?"

"ఎక్కడమ్మా. ఇంకొక్క సంచి ఉంది."